రవివర్మ: రాజసౌధం నుండి పూజగదికి

తెలుగునాట పాతకాలపు ఇండ్లలో పూజగదిలోనో, సావడి గోడమీదనో, పొగచూరిన కఱ్ఱచట్రంలో బిగించిన లక్ష్మీదేవి పటం ఒకటి కనబడుతుండేది. తామరపూవుపై నిలిచిన అమ్మవారు, ప్రక్కన పూలమాలను తొండంతో ఎత్తిపట్టిన ఏనుగు. దాని సరసనే తెల్లచీర కట్టి, బండమీద కూర్చుండి వీణ మీటే సరస్వతి, చెంత నొక నెమలి. ఆ పటాలకు నిత్యం కుంకుమ పెట్టి, శుక్రవారంనాడు పూలదండ వేసే ఇల్లాండ్రలో వాటిని వ్రాసిన చేయి ఎవరిదో ఎరిగినవారు అరుదు. మా అమ్మమ్మకు దేవతారూపమంటే అదే. కన్ను మూసి ధ్యానించినా ఆ పటంలోని ముఖమే ఆమెకు పొడకట్టేదట. ఒక చిత్రకారుని ఊహ లక్షలాది జనుల ధ్యానంలో దైవస్వరూపమై నిలిచిపోవడం సామాన్యమైన సంగతి కాదు. ఆ చిత్రకారుడు కేరళదేశీయుడైన రవివర్మ. అతని జీవితాన్ని పరిశీలిస్తే చిత్రకళ సంగతితోపాటు కళాకారునికీ రాజుకూ, కళకూ అంగడికీ, అన్నకూ తమ్మునికీ నడుమ ఉండే ముడులు కూడ కొన్ని విడివడతాయి.

రవివర్మ 1848వ సంవత్సరం ఏప్రిల్ 29వ తేదీన తిరువాన్కూరు సంస్థానంలోని కిళిమానూరులో జన్మించినాడు. తండ్రి నీలకంఠ భట్టతిరి సంస్కృత పండితుడు. తల్లి ఉమాంబాబాయి కవయిత్రి. ఆమె రచించిన పార్వతీస్వయంవరమనే కృతిని ఆమె మరణానంతరం కుమారుడే అచ్చువేయించినాడు. కిళిమానూరు వంశం తిరువాన్కూరు రాజవంశంతో తరతరాలుగా వియ్యమందిన వంశం. ఆ ఇంట సంగీతమూ, కథకళీ, సాహిత్యమూ నిత్యవ్యాసంగాలు. మేనమామ రాజరాజవర్మ తంజావూరు పద్ధతిలో బొమ్మలు వ్రాసేవాడు. పసివాడు గోడలమీద బొగ్గుతో గీసిన బొమ్మలను చూచి దండించక, ఆ చేతిలోని ప్రజ్ఞను గుర్తించి తొలిపాఠాలు చెప్పినవాడు ఆ మేనమామయే. గోడ పాడుచేసినాడని కోపించే పెద్దలు మనలో ఎందరో ఉన్నారు. ఆ గీతను చదువగలిగినవాడు ఇంట ఒక్కడుండడం రవివర్మ చేసికొన్న పుణ్యం.

1862లో, పదునాలుగేండ్ల వయస్సున, మేనమామ అతనిని తిరువనంతపురానికి తీసికొనిపోయి ఆయిల్యం తిరునాళ్ మహారాజు సముఖంలో ప్రవేశపెట్టినాడు. రాజు ఆ బాలుని అక్కడనే ఉంచి, కొలువులోని చిత్రాలనూ, పాశ్చాత్య చిత్రకళను గూర్చిన గ్రంథాలనూ చూచే అవకాశం కల్పించినాడు. అప్పటికి మనదేశంలో తైలవర్ణ చిత్రలేఖనం క్రొత్తవిద్య. ఆస్థానంలో ఆ విద్య ఎరిగిన రామస్వామి నాయకర్ దానిని ఈ యువకునికి నేర్పడానికి ఇష్టపడలేదు. 1868లో థియొడోర్ జెన్సన్ అనే ఐరోపా చిత్రకారుడు రాజకుటుంబీకుల రూపచిత్రాలు వ్రాయడానికి వచ్చినాడు. అతడును నేర్పడానికి ఒప్పుకొనలేదు. తాను వ్రాస్తుండగా చూడడానికి మాత్రం సమ్మతించినాడు. రవివర్మకు ఆ చూపే గురువయినది. రంగును నూనెతో ఎట్లు కలుపుతారో, ఒక పూత ఆరకముందే మరొకటి ఎట్లు వేస్తారో, నీడలోనుండి ముఖాన్ని వెలుగులోనికి ఎట్లు తెస్తారో కంటితో పట్టి, ఇంటికి పోయి చేతితో సాధించినాడు. ఏకలవ్యుని కథ మన పిల్లలందరూ చదివినదే. ఈ ఏకలవ్యుని బొటనవ్రేలు మాత్రం చెక్కుచెదరలేదు.

1866లో అతనికి మావేలిక్కర రాజకుటుంబపు కన్య భాగీరథీబాయితో వివాహమయినది. ఆమె సోదరీమణులు తిరువాన్కూరు రాజవంశానికి దత్తతపోయి రాణులయినవారు. ఈ బంధుత్వం వల్ల రవివర్మ రాజకుటుంబానికి మరింత సన్నిహితుడయినాడు. రాజకుటుంబంలోని కలహాలకు కూడ సన్నిహితుడయినాడు. 1870లో అతడు కొల్లూరుకు పోయి మూకాంబికను సేవించి వచ్చి, చిత్రలేఖనాన్నే వృత్తిగా స్వీకరించినాడు. ఆ యేడే కోళిక్కోడులో ఒక కుటుంబానికి రూపచిత్రం వ్రాసి రుసుము పుచ్చుకొన్నాడు. ఈనాడు ఇది మనకు వింతగా తోచదు. ఆ కాలంలో ఉన్నతకుటుంబీకుడు తన చేతిపనికి వెలకట్టి డబ్బు తీసికొనడం గౌరవహానిగా ఎంచబడేది. రాజబంధువు బొమ్మలమ్ముకొంటున్నాడని నొసలు చిట్లించినవారు లేకపోలేదు. రవివర్మ ఆ మాటలను లెక్కచేయలేదు. కొలువులో చేయి చాచి నిలిచే ఆశ్రితుని బ్రతుకుకంటె, పని చేసి ఫలం పుచ్చుకొనే వృత్తికారుని బ్రతుకు మేలని అతని నడవడి చెప్పుతున్నది.

1873లో మదరాసు చిత్రకళా ప్రదర్శనానికి అతడు పంపిన చిత్రంలో ఒక నాయరు వనిత సిగలో మల్లెలు ముడుచుకొంటున్నది. దానికి స్వర్ణపతకం లభించినది. ఆ యేడే వియన్నా ప్రదర్శనంలో కూడ బహుమానం వచ్చినది. 1876లో పంపిన చిత్రం శకుంతల దుష్యంతునికి తామరాకుమీద లేఖ వ్రాసే ఘట్టం. మదరాసు గవర్నరుగా ఉండిన బకింగ్‌హాం ప్రభువు దానిని కొన్నాడు. మోనియర్ విలియమ్స్ పండితుడు శాకుంతలానికి చేసిన ఆంగ్లానువాదానికి ఆ చిత్రమే ముఖచిత్రమయినది. కాళిదాసు శకుంతలను మాటలలో ఎరిగిన దేశానికి ఆమె గడ్డిమీద మేనువాల్చిన పడుచుగా, ప్రక్కింటి పిల్లవలె కండ్లయెదుట కనబడినది. ఆ చిత్రాన్ని చూచినవారికి పురాణస్త్రీ ఒక్కసారిగా మనుష్యస్త్రీ అయినది. రవివర్మ కీర్తికి మూలం ఇదే; తరువాత వచ్చిన నిందకు మూలమూ ఇదే.

1880లో ఆయిల్యం తిరునాళ్ గతించినాడు. ఆయన అనంతరం సింహాసనమెక్కిన సోదరుడు విశాఖం తిరునాళ్ విద్వాంసుడే గాని, అన్నగారి అనుంగులయెడల ఆయనకు ప్రీతి లేదు. రవివర్మకు తిరువనంతపురంలో నిలువనీడ కరవయినది. ఒక రాజు దయమీద ఆధారపడిన కళాకారునికి ఆ రాజు పోయిన మరునాడే ఏ గతి పట్టుతుందో అతనికి అనుభవమయినది. కాని ద్వారం ఒకటి మూయబడినప్పుడు మరొకటి తెరచినవాడు తంజావూరు మాధవరావు. పూర్వం తిరువాన్కూరు దివానుగా ఉండి, ఆ కాలానికి బరోడా దివానుగా ఉన్న ఆయన రవివర్మను బరోడాకు రప్పించినాడు. 1881లో యువకుడైన శాయాజీరావు గైక్వాడు రాజ్యాధికారం స్వీకరించినప్పుడు రవివర్మ అక్కడికి పోయినాడు. పిమ్మట భావనగరమూ, మైసూరూ అతనిని ఆహ్వానించినవి. అది మొదలు అతడు ఏ ఒక్క సంస్థానానికీ కట్టుబడలేదు. పెట్టెలూ, చట్రాలూ, రంగులూ వెంటబెట్టుకొని పొగబండిలో దేశమంతా తిరిగే చిత్రకారుడయినాడు.

ఈ సంచారంలో అతనికి కుడిభుజం తమ్ముడు రాజరాజవర్మ. 1860లో జన్మించిన ఈ తమ్ముడు అన్నకంటె పండ్రెండేండ్లు చిన్న. ఇతడు స్వయంగా మంచి చిత్రకారుడు. ప్రకృతిదృశ్యాలు వ్రాయడంలో ప్రత్యేకమైన నేర్పు గలవాడు. అన్న మనుష్యులను వ్రాస్తే, వారి వెనుకనుండే కొండనో, కొలనునో, తోటనో తమ్ముడు వ్రాసేవాడు. ఆంగ్లభాషలో అన్నకు లేని ప్రవేశం తమ్మునికి ఉండినది. గవర్నర్లకూ, దివాన్లకూ, ప్రదర్శనశాలలవారికీ ఉత్తరాలు వ్రాయడం, లెక్కలు చూడడం, ప్రయాణాలు ఏర్పాటుచేయడం, అన్నీ అతని పనులే. కొన్ని యేండ్లపాటు అతడు ఆంగ్లంలో వ్రాసుకొన్న దినచర్య ఈనాడు రవివర్మ జీవితాన్ని గూర్చి మనకు లభించే ముఖ్యసాక్ష్యం. ఏనాడు ఏ చిత్రం మొదలుపెట్టినారో, ఎవరు డబ్బు బాకీపడినారో, ఏ నాటకం చూచి వచ్చినారో అందులో ఉన్నది.

చిత్రం అడుగున నిలిచిన పేరు మాత్రం అన్నదే. దీనిని అన్యాయమనవచ్చునా? ఆ దినచర్యలో అన్నపై గౌరవమూ, పనిపై శ్రద్ధా కనబడతాయి గాని ఫిర్యాదు కనబడదు. లోకం మాత్రం ఒక చిత్రానికి ఒక్క పేరే అడుగుతుంది. గుడిగోపురం ఎత్తిన శిల్పులెందరో మనకు తెలియదు. శాసనంలో ఉన్న రాజు పేరే తెలుసును. రవివర్మ చెల్లెలు మంగళాబాయి కూడ చిత్రకారిణియే. ఆమె అన్నగారి రూపాన్ని తైలవర్ణాలలో చిత్రించినది. ఒక తల్లి కన్న బిడ్డలు ముగ్గురు కుంచె పట్టినారు. దేశానికి ఒక్కనిపేరే కంఠస్థమయినది. రవివర్మను గూర్చి పాఠం చెప్పే ఉపాధ్యాయుడు ఆ యిద్దరి పేర్లూ చెప్పకపోతే ఆ పాఠం సగమే అవుతుంది.

1888లో బరోడా మహారాజు క్రొత్తగా కట్టించిన లక్ష్మీవిలాస సౌధానికై పదునాలుగు పురాణచిత్రాలు కావలెనని కోరినాడు. ప్రతిఫలం 50,000 రూపాయలు. ఆనాటికి అది పెద్ద ధనం. చిత్రాలకు పూర్వం ఒక చిక్కు వచ్చిపడినది. సీత ఏ చీర కట్టవలెను? ద్రౌపది ఏ నగలు పెట్టుకోవలెను? కేరళస్త్రీ కట్టుబడి వేరు, వంగస్త్రీది వేరు, మహారాష్ట్రస్త్రీది వేరు. దేశమంతటికీ చెందిన పురాణాలకు ఏ ఒక్క ప్రాంతపు వేషం వేసినా తక్కిన ప్రాంతాలకు అది పరాయిది. ఈ సమస్యకు సమాధానం వెదకుతూ అన్నదమ్ములు ఉత్తరహిందూస్థానమంతా తిరిగినారు. శిల్పాలు చూచినారు, నాటకాలు చూచినారు, తీర్థాలలో గుమిగూడిన జనుల కట్టుబొట్టులు చూచినారు. తుదకు చీరకట్టునే దేశమంతా గుర్తింపగల వేషంగా రవివర్మ నిర్ణయించినాడు. నలదమయంతులు, శంతనుడు, హరిశ్చంద్రుడు, సైరంధ్రి, విశ్వామిత్రుడు, అందరూ ఆ వేషాలతో 1890 నాటికి సిద్ధమయినారు. బరోడా చేరకముందు ఆ చిత్రాలను తిరువనంతపురంలోను, బొంబాయిలోను ప్రదర్శించినప్పుడు జనులు తిరునాళ్ళకువలె వచ్చి చూచినారు.

తిక్కన విరాటపర్వంలో సైరంధ్రినీ, శ్రీనాథుని శృంగారనైషధంలో దమయంతినీ చదువుకొన్న తెలుగువారికి ఒక విషయం సులభంగా బోధపడుతుంది. కవులు వర్ణించిన మూర్తిని ప్రతి పాఠకుడూ తన ఊహ కొలదిని కల్పించుకొంటాడు. రవివర్మ తరువాత ఆ స్వాతంత్ర్యం కొంత తగ్గినది. హంసతో మాటలాడే దమయంతి అనగానే అతడు 1899లో వ్రాసిన ఎఱ్ఱచీర దమయంతియే మనస్సుకు వస్తున్నది. మన నాటకాలలోను, తరువాత చలనచిత్రాలలోను పురాణస్త్రీల అలంకారం చాలవఱకు అతని బాటనే నడచినది. భారతీయ చలనచిత్రానికి ఆద్యుడైన దాదాసాహెబు ఫాల్కే యౌవనంలో కొంతకాలం రవివర్మ ముద్రణాలయంలో పనిచేసినవాడే.

ఆ ముద్రణాలయపు కథ రవివర్మ జీవితంలో మిక్కిలి సాహసమైనది, మిక్కిలి విషాదమైనది. రాజసౌధంలో వ్రేలాడే చిత్రాన్ని ప్రజలెట్లు చూస్తారు? చిత్రాలను ఐరోపాకు పంపి రంగులలో ముద్రింపించి అందరికీ అందజేయవలసినదని మాధవరావు పూర్వమే సూచించి ఉండినాడు. రవివర్మ ఇంకొక అడుగు ముందుకు వేసి, 1894లో బొంబాయిలో ఒక భాగస్వామితో కలిసి తానే ముద్రణాలయం నెలకొల్పినాడు. యంత్రాలు జర్మనీనుండి వచ్చినవి. పనివారిలో ముఖ్యులూ అక్కడివారే. సున్నపురాతి పలకమీద జిడ్డుసిరాతో బొమ్మ గీసి, రాతిని తడిపి, రంగు పూస్తే గీచినచోట రంగు పట్టుతుంది, తడిసినచోట పట్టదు. ఒక్కొక్క రంగుకు ఒక్కొక్క రాయి. ఒకే కాగితం రాయి తరువాత రాయిగా వెంట్రుకవాసి తప్పకుండా అచ్చుపడితేనే ముఖం ముఖంగా నిలుస్తుంది. మొదట వెలువడిన పటం శకుంతలాజననం. పిమ్మట లక్ష్మి, సరస్వతి, రాముడు, కృష్ణుడు దేశమంతటికీ ప్రయాణమయినారు.

పటాలు ఇంటింటికీ చేరినవి గాని ముద్రణాలయం అప్పుల పాలయినది. బొంబాయిలో ప్లేగు ప్రబలినది, పనివారు చెదరిపోయినారు. లోనావళా సమీపాన మళవలి గ్రామానికి యంత్రాలను తరలించినారు. భాగస్వామ్యం నిలువలేదు. చిత్రాలు వ్రాసి ఆర్జించిన ధనం అచ్చుయంత్రాలు మ్రింగివేసినవి. తుదకు ఇరువదవ శతాబ్దపు తొలియేండ్లలో ముద్రణాలయాన్ని, అందులోనే పనిచేసిన ఫ్రిట్జ్ ష్లైషర్ అనే జర్మనుకు అమ్మివేయవలసివచ్చినది. క్రొత్త యజమాని వ్యాపారం తెలిసినవాడు. రవివర్మ పేరు బజారులో ఒక ముద్రవంటిదని గుర్తించి ఆ పేరును వదలలేదు. పంచాంగపటాలమీద, సరకుల ప్రకటనలమీద అతని దేవతలు అచ్చుపడినారు. అతడు ఎన్నడూ వ్రాయని బొమ్మలు కూడ రవివర్మ పటాలనే పేరుతోనే చెలామణి అయినవి. కళాకారుడు తన పేరును లోకంలోనికి వదలినాడు. ఆ పేరు అతని చేయిజారి తన దారిని తాను నడచినది.

పేరులోని రాజా శబ్దానికి కూడ ఒక కథ కలదు. రవివర్మ ఏ రాజ్యానికీ రాజు కాడు. 1904లో ప్రభుత్వం అతనికి కైసరీ హింద్ స్వర్ణపతకం ప్రసాదించినప్పుడు రాజా రవివర్మ అని వ్యవహరించినది. కేరళంలోని మాతృవంశ సంప్రదాయాన్నిబట్టి మేనమామ పేరు మేనల్లునికి చేరి, రాజరాజవర్మ మేనల్లుడు రాజా అయినాడని చెప్పుతారు. పూర్వాపరా లెట్లున్నా తిరువాన్కూరులో కొందరికి ఇది రుచింపలేదు. లోకానికి మాత్రం ఆ పేరే స్థిరపడినది.

రాజకీయాలలో రవివర్మ ఏ పక్షమని అడిగితే ఒక్కమాటలో సమాధానం దొరకదు. 1881లో అతడు వ్రాసిన ఒక చిత్రంలో తిరువాన్కూరు మహారాజు, సోదరునితో కూడి, బకింగ్‌హాం ప్రభువును వినయంగా స్వాగతిస్తున్నాడు. దొరల రూపచిత్రాలు వ్రాసి ధనమూ, పతకమూ పుచ్చుకొన్న చేయి అది. ఆ చేయియే 1889లో మైసూరుకై గాయికల సమూహాన్ని వ్రాసినది. వేర్వేరు ప్రాంతాల వేషాలతో, వేర్వేరు మతాలకు చెందిన స్త్రీలు ఒక్కచోట కూర్చుండి పాడుతున్నారు. దేశమంటే ఏమిటన్న ప్రశ్నకు ఆ చిత్రం ఒక జవాబు. 1901లో ఉదయపురానికి పోయి రాణాప్రతాపుని మూర్తిని చిత్రించినాడు. 1893లో షికాగో ప్రదర్శనానికి పది చిత్రాలు పంపగా పతకాలు వచ్చినవి. వాటిలోనివన్నీ మన నానాప్రాంతాల స్త్రీమూర్తులే. తాను మాత్రం ఎన్నడూ సముద్రం దాటలేదు.  ఏలికలతో వినయం, దేశంపై మమకారం, రెండూ అతనిలో ఒకచోటనే ఉండినవి. ఆ తరం పెద్దలలో పెక్కుమంది స్థితి ఇదే. ఒకదానిని మఱుగుపరచి రెండవదానినే చెప్పడం చరిత్రకు న్యాయం కాదు.

1902లో అన్నదమ్ములు హైదరాబాదుకు వచ్చినారు. నిజాము ఆస్థాన ఛాయాచిత్రకారుడైన రాజా దీనదయాళు వారికి ఆతిథ్యమిచ్చినాడు. కుంచెతో ముఖాలు వ్రాసేవాడూ, యంత్రంతో ముఖాలు పట్టేవాడూ ఒకే కప్పుక్రింద కూర్చుండి మాటలాడుకొన్న ఆ దినాలు మన గడ్డమీద గడచినవని తలచుకొంటే ముచ్చటవేస్తుంది. నిజాము ఆదరం లభిస్తుందని వారు పెట్టుకొన్న ఆశ మాత్రం ఫలించలేదు. అంతటి కీర్తి వచ్చిన పిమ్మట కూడ ఒక ప్రభువు పిలుపుకై నిరీక్షించక తప్పలేదు.

1905 జనవరిలో రాజరాజవర్మ మరణించినాడు. భార్య అంతకు చాలయేండ్ల పూర్వమే గతించినది. తమ్ముడు పోయిన తరువాత రవివర్మకు పని ఉన్నది గాని పనిలో తోడు లేదు. మధుమేహం శరీరాన్ని కృశింపజేసినది. మైసూరుకై ఒప్పుకొన్న పురాణచిత్రాలను ఆ స్థితిలోనే ముగించి, కిళిమానూరుకు తిరిగివచ్చి, 1906 అక్టోబరు 2వ తేదీన కన్ను మూసినాడు.

చితి ఆరకముందే విమర్శ రగిలినది. ఆనంద కుమారస్వామి 1907లో రవివర్మ చిత్రాలలో నాటకపు డంబమే గాని భారతీయమైన భావనాశక్తి లేదని ఖండించినాడు. సోదరి నివేదితకు నేలమీద మేనువాల్చి ఉత్తరం వ్రాసే శకుంతల మర్యాదకు లోపంగా తోచినది. అవనీంద్రనాథుని వంగచిత్రకళా సంప్రదాయం దేశమంతటా వ్యాపించినది. మన బందరు జాతీయ కళాశాలలో ప్రమోదకుమార చట్టోపాధ్యాయుడు చెప్పిన పాఠాలు విని అడివి బాపిరాజు చిత్రకారుడయినది ఆ గాలిలోనే. విమర్శలో నిజం లేకపోలేదు. రవివర్మ దేవతలలో కొందరు రంగస్థలంమీద నిలిచిన నటీమణులవలె ఉంటారు. అజంతా రేఖలోని లాఘవం అతని కుంచెలో లేదు. కాని ఆ విమర్శకులకు పట్టని విషయం ఒకటి ఉన్నది. వారు కళను చూచినారు. పటం ముందు నిలిచిన మనిషిని చూడలేదు.

ఆ కాలంలో గుడి గడప దాటడానికి అర్హత లేదని వెలిగా నిలిపివేయబడిన జనులు దేశంలో కోట్లకొలది ఉండిరి. వారికి గర్భాలయంలోని మూర్తి వినికిడి మాత్రమే. అచ్చుపటం ఎవరి కులమూ అడుగలేదు. కొద్దిపాటి డబ్బులకు అంగడిలో కొనుక్కొన్నవాని ఇంటికి లక్ష్మీదేవి వచ్చి గోడమీద నిలిచినది. రవివర్మ ఈ ఫలితాన్ని ఉద్దేశించి ముద్రణాలయం పెట్టినాడని నేననను. అతనికి కీర్తీ, లాభమూ కూడ కావలసియే ఉండినవి. కాని కార్యం కర్త ఉద్దేశాన్ని మించిపోవడం లోకంలో ఉన్నదే. అతని మనుమరాండ్రు ఇద్దరు 1900లో తిరువాన్కూరు రాజవంశానికి దత్తతపోయినారు. వారిలో సేతుపార్వతీబాయి కుమారుడు చిత్తిర తిరునాళ్ మహారాజు 1936 నవంబరు 12న తన రాజ్యంలోని దేవాలయాలలో హిందువులందరికీ ప్రవేశం కలదని ప్రకటించినాడు. ముత్తాత పటాలు గడప దాటి వెలుపలికి వచ్చినవి. మునిమనుమని శాసనంతో జనులు గడప దాటి లోపలికి పోయినారు.

1979లో భారతప్రభుత్వం రవివర్మ చిత్రాలను జాతీయ కళానిధులుగా ప్రకటించినది. మూలచిత్రాలు చూడగోరేవారు తిరువనంతపురానికో, మైసూరుకో, బరోడాకో పోవలెను. అంతదూరం పోలేని విద్యార్థి ఇంట్లో పాతపటం ఉంటే ఒకనాడు దానిని దింపి, దుమ్ము తుడిచి, అడుగున సన్నని అక్షరాలలో ఉన్న పేరు చదువవలెను. ఆ పేరు ప్రక్కన అచ్చుకాని తమ్ముని పేరును మనస్సులో చేర్చుకొని, పటాన్ని మరల యథాస్థానంలో పెట్టవలెను.